చేతులు చాచిన మామిడిచెట్టు

డ్రిల్లయ్యోరు పోయాక పెట్టిన ఆదరణ కూడికలో పాస్టరుగారు ఆయన్ని చెట్టుతో పోల్చి చాలాసేపు మాట్లాడారు. వేళ్ల గురించి చెప్పారు, పండ్ల గురించి చెప్పారు, పదిమందికి పంచిన నీడ గురించి చెప్పారు. నీడ అన్న మాట దగ్గర నాకు దగ్గు వచ్చింది. నిజానికి అది దగ్గు కాదు. ముందు వరసలో కూర్చున్న అయ్యోరి భార్య తల తిప్పి నా వైపు చూసింది. ఆమె కూడా పెదవి కొరుక్కుంటోంది. ఏడుపు ఆపుకుంటోందనుకుని పక్కనున్నవాళ్లు ఆమె వీపు నిమిరారు.

ఆయన అసలు పేరు ఆత్మకూరులో ఎంతమందికి తెలుసో చెప్పలేను. ఉదయగిరి బడిలో ఏళ్ల తరబడి పిల్లల చేత చేతులు చాపించి, దింపించి, రిటైరై వచ్చి మా పక్క స్థలంలో ఇల్లు కట్టుకున్నాడు. డ్రిల్లు చెప్పిన అయ్యవారు కాబట్టి అందరికీ డ్రిల్లయ్యోరే. రిటైరైనవాళ్లు గోడగడియారమో శాలువానో తెచ్చుకుంటారు. ఈయన మెడలో ఈల తెచ్చుకున్నాడు. నల్లతాడుకు కట్టిన ఇనుప ఈల. స్నానానికి పోయేటప్పుడు తప్ప తీసేవాడు కాదు. కాకులకు ఒక రకం ఈల, మేకలకు ఒక రకం, భార్యకు ఒక రకం. కాకులు మొదటి నెలలోనే అలవాటుపడి ఎగరడం మానేశాయి. మేకలు అసలు మొదటినుంచీ పట్టించుకోలేదు. భార్య ఒక్కతే లేచేది.

ఆమెను నేను అక్కా అంటాను. సీతారామపురం అవతల కొండ కింద పల్లె ఆమెది. ఇంటి ముందు పెద్ద నేరేడు చెట్టు కింద పెరిగిన మనిషి. పప్పులు విసరడం, పేలు చూసుకోవడం, తగాదాలు, మధ్యాహ్నం కునుకు అన్నీ దాని కిందే జరిగేవట. ఇల్లు కడుతున్నప్పుడు ఆమె గచ్చు రంగు గురించి అడగలేదు, వంటింటి అలమర గురించి అడగలేదు. ఒక్కటే అడిగింది. వాకిట్లో ఒక చెట్టు, దాని కింద నులకమంచం పట్టేంత నీడ.

"చెట్లే గదా. ఒకటేంది, ఇంటిచుట్టూ పెడతా" అన్నాడు అయ్యోరు.

మాట తప్పలేదు. ఇంటిచుట్టూ పెట్టాడు. జామ, దానిమ్మ, సపోటా, నిమ్మ, సీతాఫలం. అన్నిటినీ ప్రహరీగోడకు జానెడు దూరంలో, గోడ పొడుగునా వరసగా పెట్టాడు. వాకిలి మధ్యలో ఒక్క మొక్కా లేదు. అక్కడ ముగ్గుపిండితో గీతలు గీసి, పొద్దునా సాయంత్రం ఆ గీతల మీద నడిచేవాడు. దాన్ని గ్రౌండు అనేవాడు.

ఈ ఆలోచన ఆయనకు కొత్తగా కొన్న ఫోన్లోంచి వచ్చింది. ఎక్కడో చలి దేశంలో పండ్లచెట్లను గోడకు ఆనించి, కొమ్మలను అడ్డంగా తీగలకు కట్టి, తలుపుచెక్క మాదిరి బల్లపరుపుగా పెంచుతున్నారు. పగలు ఎండకు గోడ వేడెక్కుతుంది, పొద్దు గూకినాక ఆ వెచ్చదనం చెట్టుకు అందుతుంది. ఎండ కరువైన చోట మనుషులు చేసుకున్న ఏర్పాటు అది. అయ్యోరు దాన్ని ఆత్మకూరుకు తెచ్చాడు. వేసవిలో గోడ మీద అప్పడం పెడితే నూనె అడగకుండా కాలే ఊరికి.

గోడంతా మేకులు కొట్టాడు. ఒకదానిపైన ఒకటిగా ఇనుపతీగలు లాగాడు. మొక్క నడినెత్తిన చిగురు తుంచేసి, పక్కలకు వచ్చిన రెమ్మల్లో చెరోవైపు ఒక్కటి ఉంచి, వాటిని ముందు ఏటవాలుగా వెదురుబద్దలకు కట్టేవాడు. అవి ముదరకముందే రోజూ కొంచెం కొంచెం కిందికి దింపి, చివరికి తీగ వెంట అడ్డంగా కట్టేవాడు. పైన మళ్లీ చిగురొస్తే దానికీ అదే మర్యాద. చేతిపని మాత్రం చక్కనిది, అది ఒప్పుకోవాలి. ఒక్క రెమ్మ పుటుక్కుమననిచ్చేవాడు కాదు. నిద్రపోయే బిడ్డను ఉయ్యాల్లోకి దించినట్టు దించేవాడు. ఆయన దగ్గర చదువుకున్న పిల్లలు చూస్తే ఈయనేనా ఆయన అనుకునేవాళ్లు. కట్టడం అయిపోయాక మాత్రం రెండడుగులు వెనక్కి వచ్చి, నడుము మీద చేతులు పెట్టుకుని, "చేతులు పక్కకు... చాచు" అనేవాడు. అప్పటికే చాచి ఉన్న చెట్టు ఏం చెయ్యాలో తెలియక అట్లాగే ఉండేది.

ఇనుపతీగ బెరడును కోస్తుంది, పురికొస ఒరుసుకుంటుంది. అందుకని కొమ్మలు కట్టడానికి పాత నూలుచీరలు చించి పేలికలు చేశాడు. అవి పాతవని తేల్చింది ఆయనే. ఆ గోడ మీద అక్క చీరలన్నీ నేను గుర్తుపట్టేదాన్ని. నీలంది జామకు, గళ్లది సపోటాకు. వాళ్ల చిన్నమ్మాయి పెళ్లికి కట్టుకున్న చిలకపచ్చది సీతాఫలానికి.

"సీతాఫలానికేంది అయ్యోరా ఇంత సేవ. ఉదయగిరి కొండ మీద ఎవురూ పెట్టకుండానే కాస్తుండాది గదా, గంపల్తో తెచ్చి బస్టాండులో అమ్ముతారు" అన్నాను ఒకసారి.

"కొండ మీదది క్రమశిక్షణ లేని సీతాఫలం" అన్నాడు.

"తియ్యగానే ఉంటాది."

"తీపికి క్రమశిక్షణకు సంబంధం లేదు" అని, వెంటనే తన వేదవాక్యం చెప్పాడు. "చెట్టుకు స్వేచ్ఛ ఇచ్చినావనుకో, ఆకులే ఇస్తాది."

ఈ మాట ఆయన నోటివెంట వినని మనిషి మా వీధిలో లేడు. పిల్లల గురించి చెప్పినా, కోడళ్ల గురించి చెప్పినా, ప్రభుత్వం గురించి చెప్పినా చివరికి ఆకుల దగ్గరకే వచ్చేవాడు.

చెట్టుకొక రేకుముక్క వేలాడదీశాడు. తెల్లరంగు పూసి నల్లటి పెద్ద అక్షరాలతో పేరు, పేరు కింద ఇంకో మాట. అప్పుడు నేను చర్చిలో ఆడవాళ్లకు సాయంత్రం పూట పెట్టిన క్లాసులో అక్షరాలు నేర్చుకుంటున్నాను. నలభై దాటాక పట్టిన పలక. పుస్తకంలో పాఠం చదివితే టీచరమ్మ నోట విన్నదే అప్పజెబుతున్నానేమోనని నాకే అనుమానం. ఎవరూ చెప్పని మాటొకటి చదివి చూసుకోవాలనిపించి, మా రెండిళ్ల మధ్య గోడ మీదుగా తొంగి, వాళ్ల వెనకగోడకున్న దానిమ్మ రేకును కూడబలుక్కున్నాను.

"ము..." అని ఆగాను.

అక్కడ మొక్క దగ్గర వంగి ఉన్న ఆయన తలెత్తకుండానే "టకు ట వత్తు" అన్నాడు.

"ముట్ట..."

"ఇంకా ఉండాది."

"ముట్టరాదు."

ఈల వేశాడు, పాసైపోయినట్టు. "చదివినావు గదా. ఇంక ముట్టబాక."

అట్లా నేను సొంతంగా చదివిన మొదటి మాట అది. మా తాతల కాలంలో మావాళ్లకు ఆ మాట ఎవరూ రేకు మీద రాసి పెట్టలేదు. రాయకుండానే ఊరి బావి దగ్గర తెలిసిపోయేది. ఆయన తాతలూ మా తాతల పక్కన నిలబడి, ఎవరైనా చేదతో నీళ్లు పోస్తారేమోనని చూసినవాళ్లే. ఇన్నాళ్లకు రంగుడబ్బా, కుంచె మన చేతికొస్తే మనం రాసుకున్నది ఇదా అనిపించింది. ఆ మాటే అడిగాను.

"మనుషుల కోసం కాదుమే. చెట్టు కోసం" అన్నాడు.

"చెట్టుకు చదువు రాదు గదా."

"నీకొచ్చింది గదా" అన్నాడు.

ఆయనతో వచ్చిన చిక్కే అది. పది మాటలు పనికిమాలినవి మాట్లాడి, పదకొండో మాటతో నోరు మూయించేవాడు.

మా రెండిళ్ల మధ్య గోడకు వాళ్లవైపు పడమటి ఎండ నేరుగా కొడుతుంది. అక్కడే జామను నిలబెట్టాడు. మూడో ఏడు వేసవిలో అది కాసింది. కాయలు కోడిగుడ్డంత అయ్యాయో లేదో గోడవైపు చెంప నల్లబడింది. ముట్టుకుంటే ఉడకబెట్టిన వంకాయలా మెత్తగా దిగేది. అయ్యోరు గోడది తప్పని ఒప్పుకోలేదు, ఎండది తప్పని ఒప్పుకోలేదు. చూడ్డానికి వచ్చినవాళ్లకు "పడమటి చెంప తినండి, అది బాగుంటాది" అని చెప్పేవాడు. ఆ తర్వాత ఉపాయం కనిపెట్టాడు. మధ్యాహ్నాలు గోడ మీద నీళ్లు చల్లితే వేడి దిగుతుంది. ఉపాయం ఆయనది, బిందె అక్కది. చెట్టుకు నీళ్లు పోసే ఆడవాళ్లను అందరూ చూసి ఉంటారు. గోడకు నీళ్లు పోసే ఆడమనిషిని నేను ఆమెనొక్కదాన్నే చూశాను.

మధ్యాహ్నం దాటితే ఆ గోడ నీడ మా వైపు పడేది. ఆమె బిందె దించి మా వైపు వచ్చి గోడకు చేరగిలబడి కూర్చునేది. చుట్టూ చెట్లున్న ఇంటామె, నీడ కోసం పక్కింటికి రావాల్సి వచ్చింది.

"అక్కా, అన్ని చెట్లుండాయి గదా, ఒక్కదాని కిందన్నా కూచోరాదా" అని ఏడిపించేదాన్ని.

"కూచోను తావేదిమే. నిలబడితే వీపు పడతాది. నేనూ చేతులు చాచి గోడకు నిలబడాల, వాటిమాదిరి" అనేది. ఇద్దరం నవ్వుకునేవాళ్లం. అంతలో అవతలనుంచి ఈల. ఒకసారి వేస్తే నీళ్లు, రెండుసార్లు వేస్తే మజ్జిగ. ఆమె మోకాలి మీద చెయ్యి వేసి లేచేది.

ఒకరోజు మా మేక వాళ్ల గేటు తెరిచి ఉండగా లోపలికి పోయింది. అయ్యోరు మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ముఖంలో రక్తం లేదు.

"నీ మేక నా జామకు మూడో వరస ఎడమచెయ్యి తినేసినాది."

"రెమ్మ గదా అయ్యోరా."

"నీకు రెమ్మ. నాకు చెయ్యి."

"మళ్లీ చిగురేస్తాదిలే."

"ఏసిందాకా అవిటిదాన్ని చేసి నిలబెట్టమంటావా?" అంటూ పోయి కత్తెర తెచ్చి, అదే వరసలో ఏపుగా ఉన్న కుడిచెయ్యి కూడా కోసేశాడు. రెండడుగులు వెనక్కి జరిగి చూసి, "ఇప్పుడు సమానం" అన్నాడు. మేక ఆకలికి తిన్నది. అయ్యోరు కొలతకు కోశాడు. జామ దృష్టిలో ఇద్దరిలో ఎవరు నయమో నాకు తెలియదు.

నిమ్మ మాత్రం ఆయనకు లొంగలేదు. కట్టబోయిన ప్రతిసారీ ముళ్లతో చేతులు గీరేది. కట్టిన కొమ్మను వదిలేసి ఎదురుదిక్కున కొత్త కొమ్మ వేసేది. దానికి "టీసీ ఇచ్చి పంపిస్తా" అని బెదిరించేవాడు. చివరికి నిజంగానే తవ్వించి బయట పారేశాడు. అక్క దాన్ని తెచ్చి మా పెరట్లో పెట్టింది. ఇప్పటికీ కాస్తోంది. ఆయన మజ్జిగలోకి పిండిన కాయలు దానివే. ఆ సంగతి మేమిద్దరం ఆయనకు చెప్పలేదు.

ఇంక మామిడి సంగతి.

మా సంఘంలో ఏటా కోతపండుగకు ఇంట్లో పండినదో పెంచినదో ఏదో ఒకటి చర్చికి తెచ్చి అర్పిస్తారు. వడ్లు, గుమ్మడికాయలు, కోడిపుంజులు, కలువాయి నుంచి వచ్చే ఒక కుటుంబం తెచ్చే నిమ్మకాయల బస్తా. ప్రార్థన అయ్యాక వాటిని ఆవరణలో వేలం వేస్తారు. వచ్చిన డబ్బు చర్చికి. అర్పించిన క్షణంనుంచి వస్తువు ఇచ్చినవాళ్లది కాదు, పాటలో గెలిచినవాళ్లది. చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి అది.

ఆ ఏడు అయ్యోరు ఒక అంటుమామిడి మొక్క తెచ్చాడు. పెద్ద పెయింటు డబ్బాలో పెట్టి, వెదురు చట్రానికి కట్టి, రెండేళ్లుగా ఎవరికీ చూపకుండా తయారుచేసిన మొక్క. నడుమెత్తున చెరోవైపు ఒక్కొక్క కొమ్మ, తక్కెడ దండెలా సమానంగా చాచి ఉన్నాయి. ఇద్దరు మనుషులు మోసుకొచ్చి బలిపీఠం ముందు దించారు. దానికంటే ముందే ఆయన చర్చి గోడకు చోటు చూసి పెట్టుకున్నాడు. నిమ్మకాయల వ్యాపారం చేసే సంఘపెద్ద ఒకాయనతో మాట్లాడుకున్నాడు కూడా. ఆయన పాడి గెలుస్తాడు, తిరిగి చర్చికే ఇస్తాడు, చర్చి గోడకు మేకులు కొడతారు, కింద ఒక రేకు ఉంటుంది. రేకు మీద ఈసారి చెట్టు పేరు కాదు, ఆయన పేరు ఉంటుంది. రేకు అప్పటికే రంగు వేయించి సిద్ధంగా ఉంచాడని అక్క నాకు ముందురోజే చెప్పింది.

వేలం వేసే పెద్దాయన మొక్క దగ్గరకు వచ్చి, "ఇదేందబ్బా, సిలువ మాదిరి ఉండాదే" అన్నాడు. అందరూ నవ్వారు. వ్యాపారి మొదటి పాట పాడాడు. "ఇంకెవురన్నా?" అన్నాడు పెద్దాయన, ఎవరూ లేరని తెలిసి.

నా పక్కనుంచి అక్క చెయ్యి ఎత్తింది. వ్యాపారి పాట మీద కొంచెం పెంచి పాడింది.

ఆవరణ అంతా ఆమె వైపు తిరిగింది. పెద్దాయన అయ్యోరి వైపు చూశాడు. అయ్యోరు చెయ్యి ఊపి, "ఆమె ఊరికే అనింది, మీరు కానియ్యండి" అన్నాడు.

"ఊరికే అనలా" అంది అక్క.

"అది కాదమ్మా, మీ ఇంటి చెట్టు మీరే కొనుక్కుంటారా?" అన్నాడు పెద్దాయన నవ్వు బిగబట్టి.

"మా ఇంటిది ఎట్లవుతాదయ్యా. పొద్దున ఆయన అర్పించినాడు గదా, మీరందరూ ఆమెన్ అన్నారు గదా. ఇప్పుడది దేవుడిది. దేవుడి దగ్గర కొంటుండా."

ఆడవాళ్ల వైపునుంచి ఎవరో మళ్లీ ఆమెన్ అన్నారు. వ్యాపారి మంచి గడుసువాడు. ఇది తన తగాదా కాదని గ్రహించి వెనక్కి తగ్గి చేతులు కట్టుకున్నాడు. అప్పుడు అయ్యోరే లేచి పాడాడు. ఆమె పెంచింది. ఆయన పెంచాడు. ఆమె మళ్లీ పెంచింది. పాస్టరుగారు కళ్లు మూసుకుని ఉన్నారు, ప్రార్థిస్తున్నారో సంతోషిస్తున్నారో తెలియలేదు. సంఘమంతా గుడ్లప్పగించి చూస్తోంది. ఇంకోసారి నోరు తెరిచిన అయ్యోరు సగంలో ఆగాడు. ఎవరు గెలిచినా పోయేది ఒకే ఇంట్లోంచని అప్పటికి ఆయనకు అర్థమైంది. మెడలో ఈల పట్టుకున్నాడు. ఊదలేదు. కూర్చున్నాడు.

ఎంతకు పాడిందో ఇక్కడ రాయను. అది కోళ్లు పెంచి గుడ్లమ్మిన డబ్బు, ఆమెకూ దేవుడికీ తెలిసిన లెక్క.

ఇంటికి ఆటోలో తెచ్చాం. డబ్బా మా ఇద్దరి కాళ్ల మధ్య, మామిడి చేతులు ఆటోకు రెండుపక్కలా బయటికి. అయ్యోరు ఎక్కలేదు, నడిచి వస్తానన్నాడు. ఆయన వచ్చేసరికి అక్క గ్రౌండు నట్టనడుమ, ముగ్గుగీతల మీద గుంట తీయించేసింది. ఆయన గేటు దగ్గరే ఆగాడు.

"నేల ఎవురిది?" అన్నాడు.

"నేల నీదే. చెట్టు నాది. నేలకు నీకేమన్నా బాడుగ ఇమ్మంటే గుడ్లిస్తా" అంది ఆమె, మట్టి తొక్కుతూ.

తర్వాత కత్తెర తెచ్చి చట్రానికి కట్టిన పేలికలు ఒక్కొక్కటే కత్తిరించింది. ఊదారంగు మీద తెల్లచుక్కల చీర అది. పేలికలన్నీ మడిచి బొడ్లో దోపుకుంది.

"ఇప్పుకో. నాకేంది" అన్నాడు ఆయన. "చెట్టుకు స్వేచ్ఛ ఇచ్చినావనుకో, ఆకులే ఇస్తాది."

"ఆకులే గావాల నాకు" అంది అక్క.

ఆయన పని ఒకటి నిలిచింది. పేలికలు తీసేసినా చెట్టు చేతులు దించలేదు. ఎవరూ పట్టుకోకపోయినా అట్లాగే చాచుకుని లావెక్కింది. ఆమె రోజూ చూసి, "ఇంక చాల్లేమ్మా, దించు" అనేది దానితో. అది దించలేదు కాని, నడినెత్తిన కొత్త చిగుళ్లు తోసుకొచ్చాయి. నాలుగేళ్లలో అడ్డదిడ్డంగా పెరిగి గుబురుకట్టింది. చేతులు చాచిన మనిషి నెత్తిన గడ్డివాము ఎత్తినట్టుండేది చూడ్డానికి. ఆ నాలుగేళ్లూ అయ్యోరు దాన్ని గుర్తించలేదు. నడకకు గీతలు మార్చి గీసుకుని చుట్టూ తిరిగిపోయేవాడు. ఎవరైనా చెట్లు చూడ్డానికి వస్తే కర్రతో గోడలన్నీ చూపించి, వాకిట్లో అంత చెట్టును దాటుకుంటూ "అది మా ఇంటామెది" అనేవాడు, మా ఇంటామె చెప్పులు అన్నట్టు.

తర్వాత రెండు వేసవులు బోరు ఎండింది. అక్క మోకాళ్లు బిందె మోయలేమన్నాయి. గోడకు నీళ్లు పోసేవాళ్లు లేక జామ పోయింది, సపోటా పోయింది. దానిమ్మ, సీతాఫలం కూడా పుల్లలుగా మిగిలాయి. ఎండిపోయినా చేతులు చాచుకునే ఉన్నాయి అన్నీ. ఆయన వాటిని పీకనివ్వలేదు.

మామిడికి నీళ్లు ఎక్కడనుంచి వచ్చేవో నాకు తెలుసు. అక్క గిన్నెలు కడిగిన నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు.

ఒకరోజు అయ్యోరు బూట్లు తొడుక్కోవడానికని కుర్చీ దాని కింద వేసుకున్నాడు. మరునాడు పేపరు చదవడానికి. ఆ తర్వాత కారణం చెప్పడం మానేశాడు. పొద్దుతోపాటు నీడ జరిగితే కుర్చీ జరిపేవాడు. ఎడమకొమ్మ మీద తువ్వాలు, కుడికొమ్మకు ఈల. వచ్చినవాళ్లకు కూర్చున్నచోటనుంచే చూపించేవాడు. "ఆ రెండు చేతులు చూడండి, తాసు మాదిరి ఉండాయా? నేను కట్టినవే. పునాది అట్లా పడింది కాబట్టే పైన ఇంత చెట్టు నిలబడింది." ఏ.ఎస్.పేట దర్గాకు పోతూ ఆగిన ఆయన పాతశిష్యుడొకడు నిజమేననుకుని ఆ చేతులతో ఫోటో కూడా దిగి పోయాడు. అక్క పక్కనే మజ్జిగ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉంది.

ఆమె మళ్లీ మా గోడ దగ్గరకు రావడం మొదలుపెట్టింది.

"ఇదేందక్కా. చెట్టు నీది, నీడ నీది, నువ్వు మళ్లీ ఈడనా" అన్నాను.

"ఆయన కూచోనుండాడు గదా."

"పక్కన ఇంకో కుర్చీ పట్టదా?"

"పడతాది. పక్కన కూచుంటే చెట్టు ఎట్లా పెంచాల్నో చెప్తాడు" అంది.

కిందటి నెల ఒక మధ్యాహ్నం ఇద్దరం గోడ నీడలో కూర్చుని చింతకాయల్లో గింజలు తీస్తున్నాం. మజ్జిగ వేళ దాటింది. ఆమె రెండుసార్లు తలెత్తి గోడ వైపు చూసింది.

"ఏందిమే, ఇంకా ఈల ఎయ్యలా" అంది.

"నిద్రపొయ్యుంటాడు."

"నిద్రలో కూడా ఏస్తాడు ఆయన" అని లేచింది. మోకాలి మీద చెయ్యి వేసుకోకుండా లేవడం చూసి నేనూ వెనకాలే పోయాను. ఆయన కుర్చీలోనే ఉన్నాడు. తల చెట్టు మానుకు ఆని ఉంది. అంత ప్రశాంతంగా ఆయన్ని మేమెప్పుడూ చూడలేదు. అన్ని ప్రాణాలను ఎండకు నిలబెట్టిన మనిషి, చల్లటి నీడలో పోయాడు. ఆమె ముందు ఆయన భుజం తట్టింది. తర్వాత కొమ్మకున్న ఈల తీసి ఆయన చేతిలో పెట్టి, వేళ్లు మూసి, కాసేపు పట్టుకుని నిలబడింది. ఊదుతాడేమోనని చూసినట్టే ఉంది.

ఆదరణ కూడికకు వచ్చినవాళ్లు భోజనాలు చేసి వెళ్లిపోయారు. షామియానా విప్పుకుని పోయారు. వాకిట్లో మేమిద్దరం, ఆయన కుర్చీ మిగిలాం. అక్క ఆ కుర్చీని ఈడ్చుకుంటూ పోయి, పడమటి ఎండ కొడుతున్న గోడకు, జామపుల్లల కింద ఆనించి పెట్టింది. ఈల నల్లతాడు ఒక మేకుకు తగిలించింది. రెండడుగులు వెనక్కి వచ్చి చూసింది. కుర్చీ కొంచెం వంకరగా ఉంటే సరిచేసింది.

తర్వాత లోపలినుంచి చాప తెచ్చి మామిడి కింద పరిచి, కొంగు తలకింద పెట్టుకుని, కాళ్లు చాపుకుని పడుకుంది.

"రామే. ఇంక మీ గోడ కాడికి నేనెందుకు రావాల" అంది.

పోయి పక్కన వెల్లకిలా పడుకున్నాను. నిలబడి చూస్తే ముందు ఆ రెండు చేతులే కనిపిస్తాయి. పడుకుంటే అవి చూపుకు ఆనవు. పైన ఎటు చూసినా ఆకులే. ఇన్నేళ్లలో అది సరిగా ఒక్క కాపు కాసింది లేదు.

చాలాసేపు చూసి అక్క అంది. "పాపం, అయ్యోరు చెప్పింది నిజమేమే. ఆకులే ఇచ్చింది."